ముంజేతి నరాల అడ్డుకొమ్మలు: రిపోర్టులో ‘బ్లాక్’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

చేతి తిమ్మిర్ల మీద వ్యాసం వచ్చినప్పుడల్లా పత్రికల ఆరోగ్య పేజీల్లో ఒక బొమ్మ వేస్తుంటారు. బొటనవేలి వైపు మూడున్నర వేళ్లకు ఒక రంగు, చిటికెన వేలి వైపు ఒకటిన్నర వేళ్లకు మరో రంగు. మొదటిది మీడియన్ నరం, రెండోది అల్నార్ నరం. స్పర్శ వరకు ఈ బొమ్మతో పెద్ద పేచీ లేదు. కండరాల దగ్గరికి వచ్చేసరికి సుమారు ప్రతి ఐదు చేతుల్లో ఒకదానికి ఇది సరిపోదు. ఆ చేతుల్లో మీడియన్ నరం నుంచి ఒక సన్నని కొమ్మ విడివడి, ముంజేతిలో ఏటవాలుగా వెళ్లి, అల్నార్ నరంలో కలుస్తుంది. దీన్ని మార్టిన్–గ్రూబర్ కలయిక అంటారు; ఈ ఉత్తరంలో అడ్డుకొమ్మ అందాం.

ఇది జబ్బు కాదు, లోపమూ కాదు. పట్టు తగ్గదు, వేళ్ల పనితనం తగ్గదు, ఉన్న మనిషికి జీవితాంతం ఆ సంగతే తెలియకపోవచ్చు. చిక్కు వచ్చేది మూడు సందర్భాల్లో: నరాల పరీక్ష చేసినప్పుడు, నరం తెగినప్పుడు, ముంజేతికి కత్తి పెట్టినప్పుడు. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం మొదటి దాని గురించే. లేని జబ్బు కాగితం మీదికి ఎక్కేది చాలావరకు అక్కడే కాబట్టి.

ముందు ఆ కొమ్మ ఎందుకు ఉంటుందో చూద్దాం. అరచేతిలోని చిన్న కండరాలను నడిపే నరపు పోగులు మెడలో సీ8, టీ1 అనే రెండు వేర్ల నుంచి వస్తాయి. చంకలో ఇవి ఒకే కట్టగా నడిచి, అక్కడ రెండుగా చీలతాయి. ఒక పాయ అల్నార్ నరం అవుతుంది, రెండో పాయ మీడియన్ నరంలో చేరుతుంది. పిండదశలో ఈ చీలిక అందరిలో ఒకేలా జరగదు. అల్నార్‌తో పోవలసిన కొన్ని పోగులు మీడియన్ వెంట వెళ్లిపోతాయి. అవి చేరాల్సింది మాత్రం అల్నార్ కండరాలకే. అందుకని మోచేయి దాటాక ఎక్కడో ఒకచోట అవతలికి మళ్లుతాయి. గమ్యం మారదు, దారి మారుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుబడితే తర్వాత చెప్పేదంతా సులువుగానే అర్థమవుతుంది.

కొమ్మ బయల్దేరేది మోచేతి మడతకు కాస్త దిగువన, ముంజేతి పై మూడో వంతులో. కొందరిలో మీడియన్ కాండం నుంచే వస్తుంది, కొందరిలో దాని శాఖ అయిన యాంటీరియర్ ఇంటరాసియస్ నరం నుంచి. వేళ్లను వంచే పైపొర కండరానికి, లోపొర కండరానికి మధ్య దూరి, చాలాసార్లు అల్నార్ ధమనికి తోడుగా నడిచి, ముంజేతి పై సగంలోనే అల్నార్‌ను చేరుతుంది. దాదాపు అన్నీ కండరాలను కదిలించే పోగులే. స్పర్శ పోగులు ఉండటం బహు అరుదు. ఎక్కువసార్లు అవి చేరేది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనక ఉబ్బుగా కనిపించే కండకు, అంటే ఫస్ట్ డార్సల్ ఇంటరాసియస్‌కి. కొందరిలో చిటికెన వేలి మెట్టకు పోతాయి. ఇంకొందరిలో బొటనవేలిని అరచేతికి దగ్గరగా లాగే అడక్టర్‌కు, దాని పొరుగు కండకు పోతాయి. ఒకే చేతిలో ఇవి రెండు మూడు కలిసి ఉండటమూ కద్దు.

ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. స్వీడన్‌కు చెందిన మార్టిన్ 1763లోనే దీని గురించి రాశాడు. వెంజెల్ గ్రూబర్ 1870లో 250 ముంజేతులు కోసి చూసి 38 చేతుల్లో కనిపెట్టాడు. అంటే నూటికి 15. తర్వాతి లెక్కల్లో ఈ సంఖ్య పద్ధతిని బట్టి అటూ ఇటూ అయింది. శవాన్ని కోసి చూస్తే సన్నని కొమ్మ కంటపడకపోవచ్చు, కరెంటు పరీక్షలో చిన్న కలయిక తప్పిపోవచ్చు. ఏ లెక్కన చూసినా రోజూ పరీక్షలు చేసే ల్యాబుకు ఇది వారం వారం ఎదురుపడే విషయమే. అరుదైన వింతల జాబితాలో వేసి మరిచిపోయేది కాదు.

ఇక పరీక్ష. అల్నార్ నరాన్ని చూడటానికి చిటికెన వేలి మెట్ట మీద, మణికట్టు గీతకూ వేలి మొదలుకూ నడిమధ్యన ఒక ఎలక్ట్రోడ్ అంటిస్తారు; రెండోది చిటికెన వేలి కణుపు మీద. మోచేయి 70 నుంచి 90 డిగ్రీల వరకు వంచి ఉంచాలి, చర్మం వేడి 32 డిగ్రీలకు తగ్గకూడదు. మూడు చోట్ల షాక్ ఇస్తారు: మణికట్టు దగ్గర, మోచేతి లోపలి ఎముక ముడికి 3 సెంటీమీటర్ల దిగువన, అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు పైన. షాక్‌కు కండ పలికితే యంత్రం తెర మీద ఒక అల లేస్తుంది. ప్రతిచోటా కరెంటు పెంచుకుంటూ పోయి, ఆ అల ఇక పెరగడం లేదనుకున్నాక ఇంకో 20 శాతం కలపాలి.

మామూలు చేతిలో మణికట్టు దగ్గర 10 మిల్లీవోల్టుల అల వస్తే మోచేతి కింద 9.5, పైన 9.2, ఇలా కొద్దికొద్దిగా తగ్గుతుంది. అడ్డుకొమ్మ చిటికెన వేలి మెట్టకు పోయే చేతిలో లెక్క ఇలా ఉంటుంది: మణికట్టు 10, మోచేతి కింద 6, మోచేతి పైన 5.8. మోచేతి దగ్గర అల్నార్ నరంలో ఆరు వంతుల పోగులే ఉన్నాయి. మిగతా నాలుగు వంతులు అప్పటికింకా మీడియన్‌లోనే ఉన్నాయి. మణికట్టు చేరేసరికి పదీ కలిసిపోయాయి. ఈ సంగతి ఎరగని కళ్లకు మాత్రం ముంజేతి నడుమ 40 శాతం సంకేతం ఎక్కడో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. రిపోర్టులో ‘ముంజేతిలో అల్నార్ కండక్షన్ బ్లాక్’ అని పడుతుంది.

అసలుకు బ్లాకా, అడ్డుకొమ్మా అన్నది తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. ఎలక్ట్రోడ్లను చిటికెన వేలి మెట్ట మీద నుంచి కదపకుండా, ఈసారి మీడియన్ నరానికి షాక్ ఇవ్వాలి. ఒకసారి మణికట్టు దగ్గర, ఒకసారి మోచేతి మడతలో. మణికట్టు దగ్గర ఇస్తే ఏమీ రాకూడదు. పక్కనున్న బొటనవేలి మెట్ట అదిరిన చప్పుడు చిన్న కిందివైపు అలగా అందితే అందవచ్చు, అంతే. మోచేతి మడతలో ఇచ్చినప్పుడు 4 మిల్లీవోల్టుల దగ్గర, పైకి లేచే శుభ్రమైన అల వచ్చిందా, ఇక అనుమానం అక్కర్లేదు. ఆరూ నాలుగూ పది. కూడిక సరిపోయింది, బ్లాక్ లేదు. అసలైన బ్లాక్ ఉంటే మీడియన్‌కు మోచేతి దగ్గర ఎంత కొట్టినా చిటికెన వేలి మెట్ట పలకదు.

మణికట్టు నుంచి మోచేతి దిగువకు అల 20 శాతానికి మించి పడిన ప్రతిసారీ ఈ అడ్డు పరీక్ష చేయాలి. చేయకుండా ‘బ్లాక్’ అనే మాట రాయకూడదు. ఇది ఏ ల్యాబైనా ఈ రోజు నుంచే పెట్టుకోగలిగిన నియమం. కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు సామాను అక్కర్లేదు.

అయితే అడ్డుకొమ్మను నిందించే ముందు టెక్నీషియన్ చేతిపనినీ చూసుకోవాలి. రెండు పొరపాట్లు అచ్చం ఇదే రూపం తెస్తాయి. ఒకటి, మణికట్టు దగ్గర కరెంటు అతిగా ఇవ్వడం. అక్కడ అల్నార్, మీడియన్ నరాల మధ్య దూరం కొద్ది సెంటీమీటర్లే. కరెంటు పక్కదానికి పాకితే రెండూ పలికి, మణికట్టు అల లేని గొప్ప తెచ్చుకుంటుంది. కరెంటు పెంచేటప్పుడు అల ఆకారం ఉన్నట్టుండి మారినా, బొటనవేలు కూడా ఎగిరినా పాకిందని గుర్తు. రెండోది, మోచేతి దిగువన కరెంటు చాలకపోవడం. ఎముక ముడికి 3–4 సెంటీమీటర్లు దాటి కిందికి జరిగితే నరం మణికట్టును వంచే కండరం కిందికి లోతుగా దిగిపోతుంది. పైపైన ఇచ్చిన షాక్ అన్ని పోగులనూ తాకదు. నొప్పి పెడుతున్నారని రోగి ముఖం చూసి అక్కడ ఆపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ జాలి తర్వాత రిపోర్టులో ఖరీదైన పొరపాటుగా తేలుతుంది.

కొమ్మ మరీ పైనే కలిసిన చేతుల్లో బొమ్మ ఇంకోలా మారుతుంది. మోచేతి దిగువన ఇచ్చిన షాక్ కలిసిన చోటుకు కూడా తగులుతుంది కాబట్టి అక్కడ అల నిండుగా వస్తుంది. మోచేతి పైన ఇచ్చినప్పుడే పడిపోతుంది. చూడబోతే మోచేతి ముడి దగ్గర నరం నొక్కుకుపోయినట్టే ఉంటుంది. అల్నార్ నరం నిజంగా నొక్కుకుపోయే చోట్లలో అదే మొదటిది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఆపరేషన్ మాట కూడా వస్తుంది. మీడియన్‌కు మోచేతి మడతలో ఇచ్చే ఒక్క షాక్ ఇక్కడ కూడా తీర్పు చెబుతుంది. నిజంగా నొక్కుకుపోతే ఆ చోట సంకేతపు వేగం కూడా పడిపోతుంది. అల తగ్గి వేగం చెక్కుచెదరకుండా ఉంటే ఒక క్షణం ఆగి ఆలోచించాలి.

ఈ తప్పుకు అన్నింటికంటే పెద్ద మూల్యం మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే జబ్బు విషయంలో. స్పర్శ బాగానే ఉండి, చెయ్యి నెమ్మదిగా బలహీనపడే అరుదైన జబ్బు ఇది. దీని ముఖ్య ఆనవాలు, నరం మామూలుగా నొక్కుకుపోని చోట కండక్షన్ బ్లాక్ కనిపించడం. ముంజేతి అల్నార్ అందులో ముందు వరుసలో ఉంటుంది. దీనికి మందు సిరలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షక ప్రోటీన్. మొదటి విడత కిలో బరువుకు 2 గ్రాములు, రెండు నుంచి ఐదు రోజుల్లో విడగొట్టి ఇస్తారు. 70 కిలోల మనిషికి 140 గ్రాములు. పనిచేస్తే కొన్ని వారాలకోసారి మళ్లీ మళ్లీ ఎక్కించాలి. రక్తం గడ్డకట్టడం, కిడ్నీ దెబ్బతినడం దాని ప్రమాదాల్లో ఉన్నాయి. పుట్టుకతో ఉన్న ఒక అమాయకపు కొమ్మను బ్లాక్‌గా చదివి ఈ దారి పట్టించడం కంటే అన్యాయం ఉండదు. నిజంగా ఆ జబ్బు ఉన్నవారికి అడ్డుకొమ్మ కూడా ఉండవచ్చు, అది వేరు. అప్పుడు కూడిక సరిపోదు, కొంత శేషం తేలుతుంది.

మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సమస్యలో అడ్డుకొమ్మ ఇంకో తమాషా చేస్తుంది. ఇక్కడ ఎలక్ట్రోడ్ బొటనవేలి మెట్ట మీద ఉంటుంది. మామూలుగా మణికట్టు అల కంటే మోచేతి అల కొంచెం చిన్నది. అడ్డుకొమ్మ బొటనవేలి వైపు పోయే చేతిలో తిరగబడుతుంది: మణికట్టు దగ్గర 7, మోచేతి దగ్గర 9. మోచేతి దగ్గర మీడియన్‌లో అడ్డుకొమ్మ పోగులు కూడా ఉన్నాయి, మణికట్టు చేరేసరికి అవి అల్నార్‌లోకి వెళ్లిపోయాయి కాబట్టి. ఇంతవరకు హాని లేదు. నరం టన్నెల్‌లో గట్టిగా నొక్కుకుపోయినప్పుడు చూడాలి. మణికట్టు దగ్గర షాక్ ఇస్తే కండ పలకడానికి 7 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం, మామూలుగా 4.4 దాటకూడదు. మోచేతి దగ్గర ఇస్తే 9.5. మధ్య దూరం 220 మిల్లీమీటర్లు. 220ని 2.5తో భాగిస్తే సెకనుకు 88 మీటర్లు. ముంజేతిలో మీడియన్ వేగం మామూలుగా 50–60 మధ్య ఉంటుంది. నొక్కుకుపోయిన నరం ఆరోగ్యంగా ఉన్నదాని కంటే వేగంగా పరుగెత్తడమేమిటి? మోచేతి దగ్గర రేగిన సంకేతంలో ఒక పాయ అడ్డుకొమ్మ పట్టి, టన్నెల్‌తో పని లేకుండా అల్నార్ దారిన ముందే చేరిపోయింది. యంత్రం మొదట వచ్చిన దాన్ని కొలిచింది. రెండు వేర్వేరు దారుల కాలాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి వచ్చిన అంకె అది, దానికి అర్థం లేదు. మరీ ముదిరిన కేసుల్లో మోచేతి సంకేతం మణికట్టు సంకేతం కంటే ముందే చేరి, వేగం మైనస్‌లోకి కూడా పోతుంది.

అంకె చూడకముందే అల ఆకారం గుట్టు విప్పుతుంది. మోచేతి దగ్గర షాక్ ఇచ్చినప్పుడు అల నేరుగా పైకి లేవకుండా ముందు కిందికి చిన్న గుంటలా దిగి, తర్వాత లేస్తుంది. ముందుగా పలికిన అల్నార్ కండలు ఎలక్ట్రోడ్‌కు కాస్త దూరంలో ఉండటం వల్ల వచ్చే గుంట అది. మణికట్టు దగ్గర ఇచ్చినప్పుడు ఆ గుంట ఉండదు. రెండు చోట్లా గుంట ఉంటే అడ్డుకొమ్మ అనుకోకూడదు. ఎలక్ట్రోడ్ కండ నడిబొడ్డున పడలేదని, లేదా కరెంటు అల్నార్‌కు పాకుతోందని అర్థం. అంటుపట్టీ పీకి, ఒక సెంటీమీటరు జరిపి మళ్లీ చూడాలి. అంకెల పట్టికను మాత్రమే ప్రింటు తీసి, అలల బొమ్మలు జతచేయని రిపోర్టుల మీద మా ఫిర్యాదు ఇందుకే. గుంట పట్టికలో కనిపించదు.

నిజమైన వేగం కావాలంటే కొలిజన్ పద్ధతి ఉంది. కిమురా 1976లో ప్రచురించాడు. మీడియన్‌కు మోచేతి దగ్గర షాక్ ఇస్తూనే, కొద్ది మిల్లీసెకన్ల తేడాలో అల్నార్‌కు మణికట్టు దగ్గర కూడా ఇస్తారు. అక్కడ పుట్టి పైకి ఎక్కే సంకేతం, అడ్డుకొమ్మ మీదుగా కిందికి దిగే సంకేతంతో దారిలో ఢీకొని రెండూ ఆరిపోతాయి. మిగిలేది టన్నెల్ దారిన వచ్చిందే. చాలా ల్యాబుల్లో అంత దూరం పోనవసరం లేదు. కార్పల్ టన్నెల్‌ను తేల్చడానికి ముంజేతి వేగం అవసరమే లేదు. మణికట్టు దగ్గరి ఆలస్యం, చూపుడు వేలి స్పర్శ పరీక్ష చాలు. అడ్డుకొమ్మలో స్పర్శ పోగులు దాదాపు ఉండవు కనుక స్పర్శ పరీక్షలు ఈ గందరగోళానికి దూరంగా ఉంటాయి. వేగం అంకె పక్కన ‘అడ్డుకొమ్మ వల్ల నమ్మదగింది కాదు’ అని రాసి వదిలేస్తే సరి.

నరం తెగిన కేసులకు వద్దాం. గాజు పెంకో, యంత్రమో మోచేతి దగ్గర అల్నార్‌ను పూర్తిగా తెంచిందనుకుందాం. అడ్డుకొమ్మ ఉన్న చేతిలో వేళ్లు ఇంకా కొంత విచ్చుకుంటాయి, చూపుడు వేలు పక్కకు కదులుతుంది, కొక్కెంలా వంగిపోవడం కనిపించదు. ‘నరం సగమే దెబ్బతింది, ఆగి చూద్దాం’ అనే మాట ఇక్కడే పుడుతుంది. ఆగితే నష్టం ఎంతో లెక్క చూడండి. అతికిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి నుంచి అరచేతి కండకు 25–30 సెంటీమీటర్లు. అంటే తక్కువలో తక్కువ ఎనిమిది, పది నెలలు. నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే కోలుకునే ఆశ వదులుకోవాలి. ఆగి చూసిన ప్రతి నెలా ఆ గడువులోంచే పోతుంది.

అందుకే చేతి కదలిక ఒక్కటే చూసి తేల్చకూడదు. మొదట చిటికెన వేలి కొన మీద స్పర్శ చూడాలి. అది అల్నార్‌కే సొంతమైన చోటు, అడ్డుకొమ్మ అక్కడికి రాదు. తర్వాత చేతి వెనక చిటికెన వేలి వైపు చర్మం. దానికి పోయే కొమ్మ మణికట్టుకు 5–8 సెంటీమీటర్ల పైనే విడిపోతుంది కాబట్టి, అక్కడ కూడా మొద్దుబారితే తెగింది అంతకు పైన అని తెలుస్తుంది. ఆ తర్వాత చిటికెన వేలి మధ్య కణుపును కదలకుండా పట్టుకుని కొనను మాత్రం వంచమనాలి. ఆ కండకు అల్నార్ కొమ్మ మోచేతికి దగ్గరలోనే అందుతుంది. చిటికెన వేలు మొద్దుబారి, కొన వంగక, చూపుడు వేలు మాత్రం పక్కకు కదులుతోందంటే సగం తెగిన నరం అనుకునే ముందు నిండుగా తెగిన నరం, పక్కన అడ్డుకొమ్మ అనుకోవాలి. తేల్చాలంటే మీడియన్‌కు మోచేతి మడతలో షాక్ ఇచ్చి ఫస్ట్ డార్సల్ ఇంటరాసియస్ మీద అల చూడవచ్చు.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. మోచేతి దగ్గర మీడియన్ తెగితే బొటనవేలు, చూపుడు వేలు వంగకపోవడమే కాదు, వేళ్లు విప్పడం కూడా బలహీనపడవచ్చు. చూసినవాళ్లు రెండు నరాలూ తెగాయని అనుకుంటారు. చిటికెన వేలి కొన స్పర్శ చక్కగా ఉంటే తెగింది ఒక్కటే. ఇక్కడ తొందరపడి మొదటి రోజే నరాల పరీక్షకు పంపడం కూడా దండగ. తెగిన చోటుకు దిగువనున్న నరం వెంటనే చచ్చిపోదు. కండరాల వైపు వారం పైచిలుకు, స్పర్శ వైపు పది పదకొండు రోజుల వరకు షాక్‌కు పలుకుతూనే ఉంటుంది. కండలో సూది గుచ్చి చేసే పరీక్షలో నరం తెగిన గుర్తులు నిండుగా కనపడటానికి దాదాపు మూడు వారాలు కావాలి. ఆ సూది పరీక్షలోనూ ఇదే జాగ్రత్త. మోచేతి అల్నార్ సమస్యలో ఫస్ట్ డార్సల్ ఇంటరాసియస్ ఒక్కటే చూసి బాగుందని తీర్మానిస్తే మోసపోతాం. చిటికెన వేలి మెట్ట, చిటికెన వేలిని వంచే లోపొర కండ కూడా చూడాలి. కుష్ఠులో మోచేతి పైన అల్నార్ దెబ్బతినడం మామూలే; అక్కడ కూడా ఈ కొమ్మ బలహీనతను కొంతకాలం కప్పిపెట్టగలదు.

శస్త్రచికిత్స చేసేవారికి చెప్పవలసింది తక్కువే, వారికి తెలియనిది కాదు. ముంజేతి పై భాగంలో మీడియన్‌ను విడిపించేటప్పుడు, అక్కడి ఎముకకు ప్లేటు వేసేటప్పుడు, వాపు ఒత్తిడి తగ్గించడానికి పొరలు కోసేటప్పుడు, పైపొర వంచే కండరం కింద అల్నార్ ధమని పక్కన అడ్డంగా పోయే సన్నని తెల్ల పోగును ‘ఏదో చిన్న కొమ్మ’ అని కాల్చేయకూడదు. అది పోతే ఆపరేషన్‌కు ముందు లేని బలహీనత తర్వాత అరచేతిలో వస్తుంది.

ఇక్కడ ఒక పక్కమాట. అల్నార్ పైన తెగినప్పుడు నరం కిందికి పెరిగేదాకా కండలను బతికించుకోవడానికి ఈ మధ్య కొందరు సర్జన్లు మణికట్టుకు కొంచెం పైన యాంటీరియర్ ఇంటరాసియస్ నరపు చివరి కొమ్మను తీసి అల్నార్ పక్కన అతుకుతున్నారు. ప్రకృతి ఐదు చేతుల్లో ఒకదానికి ఊరికే ఇచ్చిన ఏర్పాటును దాదాపు అదే నరంతో మనుషులు కుట్టి తయారు చేస్తున్నారన్నమాట.

మిగతా కలయికల గురించి క్లుప్తంగా. మరినాచి 1964లో వర్ణించినది దీనికి ఎదురు దిక్కు: ముంజేతిలో అల్నార్ నుంచి మీడియన్‌కు పోయే కొమ్మ. అరుదు. ముంజేతిలో మీడియన్ తెగినా బొటనవేలి మెట్ట పనిచేస్తూ కనిపిస్తే దీన్ని తలచుకోవాలి. అరచేతిలోనే ఉండేది రిషే–కాన్యూ కలయిక. 1890ల చివర ఫ్రాన్సులో ఇద్దరు విడివిడిగా వర్ణించారు. అల్నార్ లోతు కొమ్మకూ బొటనవేలి మెట్టకు పోయే మీడియన్ కొమ్మకూ మధ్య లంకె ఇది. శ్రద్ధగా కోసి చూస్తే సగానికి పైగా చేతుల్లో దొరుకుతుంది. పనితీరులో తేడా తెచ్చేంత పెద్దది కావడం మాత్రం తక్కువ. అలా పెద్దదైన చేతిలో కార్పల్ టన్నెల్ ముదిరి వేళ్లు పూర్తిగా మొద్దుబారినా బొటనవేలి మెట్ట కరగదు. మెట్ట నిండుగా ఉంది కదా అని ఆపరేషన్ వాయిదా వేస్తే పోయేది స్పర్శే.

స్పర్శ కొమ్మల్లో చెప్పుకోదగ్గది బెర్రెట్టిని కలయిక. అరచేతిలో మధ్య వేలికీ ఉంగరపు వేలికీ పోయే స్పర్శ కొమ్మల మధ్య అల్నార్, మీడియన్‌లను కలుపుతుంది, ఎక్కువమందికి ఉంటుంది. దీనికి పేరిచ్చినవాడు వైద్యుడు కాదు, 17వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పియెత్రో బెర్రెట్టిని. ఆయన గీసిన శరీర చిత్రాలు 1741లో అచ్చయ్యాయి, వాటిలో ఈ కొమ్మ ఉంది. కార్పల్ టన్నెల్ పట్టీని కోసేటప్పుడు, ముఖ్యంగా చిన్న రంధ్రం గుండా గొట్టం పెట్టి చేసేటప్పుడు, పట్టీ కింది అంచుకు ఆనుకుని ఇది పోతుంటే తెగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ బాగా జరిగాక మధ్య, ఉంగరపు వేళ్ల ఎదురెదురు పక్కల్లో కొత్తగా మొద్దుబారితే ముందు దీన్నే అనుమానించాలి.

ల్యాబులకు మా సూచన ఇది. అడ్డుకొమ్మ దొరికితే రిపోర్టు చివర ‘నార్మల్ వేరియంట్’ అని రెండు మాటలతో సరిపెట్టకుండా, ఏ చెయ్యి, ఏ కండ మీద చూశారు, మీడియన్‌కు మణికట్టు దగ్గర ఎంత, మోచేతి దగ్గర ఎంత వచ్చింది రాయాలి. ఉదాహరణకు: ‘కుడి చెయ్యి, చిటికెన వేలి మెట్ట మీద మీడియన్ మణికట్టు 0, మోచేతి 4 మిల్లీవోల్టులు, మార్టిన్–గ్రూబర్ కలయిక, బ్లాక్ లేదు’. అలల బొమ్మలు జతచేయాలి. ఒక్క చిటికెన వేలి మెట్ట మీద చూసి లేదని రాయడం కూడా సరికాదు. అన్నిటికంటే ఎక్కువగా ఈ కొమ్మ పోయేది ఫస్ట్ డార్సల్ ఇంటరాసియస్‌కి కాబట్టి ఎలక్ట్రోడ్ అక్కడికి మార్చి మళ్లీ చూడాలి. అక్కడ బొటనవేలి కండల చప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది కనుక మీడియన్ మణికట్టు అల ఖాళీగా ఉండదు; మోచేతి అల దానికంటే స్పష్టంగా పెద్దదైతేనే లెక్కలోకి తీసుకోవాలి.

చేతిలో ‘ముంజేతి అల్నార్ బ్లాక్’ అని రాసిన రిపోర్టు ఉన్న పాఠకులు కంగారుపడి మందులు మానేయవద్దు, ఉన్నపళంగా ల్యాబు మీద పోట్లాటకు వెళ్లవద్దు. రాసిచ్చిన డాక్టరును ఒక్క మాట అడగండి: ‘మోచేతి దగ్గర మీడియన్‌కు షాక్ ఇచ్చి ఇదే కండ మీద చూశారా?’ చూశామంటే ఆ అల ప్రింటు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. చూడలేదంటే ఆ ఒక్క భాగం మళ్లీ చేయించుకోవచ్చు, మొత్తం పరీక్ష అక్కర్లేదు. రెండో చేతితో పోల్చి తేలుద్దామంటే కుదరదు. ఈ కొమ్మ ఒక చేతికి ఉండి రెండోదానికి లేకపోవడం సాధారణం. కొన్ని కుటుంబాల్లో తరాల వెంట వస్తుంది కూడా, కాబట్టి మీకు ఉందని తేలితే, ఇంట్లో మరెవరికైనా చేతి నరాల పరీక్ష చేయవలసి వచ్చినప్పుడు ఆ సంగతి పరీక్ష మొదలుపెట్టకముందే టెక్నీషియన్‌కు చెప్పండి.

ఇట్లు,
నరాల పరీక్షా విభాగంలో పనిచేస్తున్న వైద్యులు